మ్యాట్‌ప్లాట్‌లిబ్ చార్టు కుదరనప్పుడు ఎక్కడ వెతకాలి: తేదీలు, కొలతలు, లెజెండ్, తెలుగు అక్షరాలు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇది. రెండేళ్ల రోజువారీ ఉష్ణోగ్రతలున్న సీఎస్‌వీ ఫైలును పైథాన్ డేటా లైబ్రరీ పాండాస్‌తో చదివి, చార్టులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీతో ఒక గీతల చార్టు, నెలవారీ సగటులతో ఒక బార్ చార్టు గీస్తున్నారు. గీతల చార్టు అడుగున తేదీలు ఒకదానిమీద ఒకటి పడి నల్లటి పట్టీలా కనిపిస్తున్నాయి. బార్ చార్టుకు తేదీల ఫార్మాటర్ (తేదీలను ఏ రూపంలో రాయాలో చెప్పేది) తగిలిస్తే 2023 బదులు 1970 వస్తోంది. నోట్‌బుక్‌లో బాగున్న బొమ్మ ఫైలుగా సేవ్ చేసేసరికి అంచుల్లో తెగిపోతోంది. ఏ గీత ఏమిటో చెప్పే లెజెండ్ డబ్బా గీతలను కప్పేస్తోంది. శీర్షిక తెలుగులో పెడితే అక్షరాల చోట ఖాళీ డబ్బాలు వస్తున్నాయి. లేబుళ్లను తిప్పి చూశారు, అక్షరాల సైజు తగ్గించి చూశారు, బొమ్మ కొలతలు పెంచి చూశారు, ఏదీ పూర్తిగా పనిచేయలేదు.

పనిచేయకపోవడానికి కారణం ఉంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో ఫార్మాటింగ్ సమస్యగా కనిపించేవాటిలో చాలావరకు నిజానికి ఫార్మాటింగ్ సమస్యలు కావు. డేటా ఏ రకంగా లోపలికి వెళ్లింది, కొలతలు ఏ ప్రమాణంలో లెక్కకు వచ్చాయి, మీరిచ్చిన ఆదేశం ఏ ఆబ్జెక్టుకు చేరింది అనే మూడు ప్రశ్నల్లో ఏదో ఒకదాని దగ్గర తప్పు మొదలై, చివరికి అక్షం మీద కనిపిస్తుంది. కనిపించిన చోట సెట్టింగులు మార్చుకుంటూ పోతే కోడ్ పెరుగుతుంది తప్ప చార్టు బాగుపడదు. అందుకే మీ ఇబ్బందులను మీరు రాసిన వరుసలోనే తీసుకున్నా, ఒక్కోదాని మూలం ఏమిటో ముందు చెబుతాను. కింద నేను టైట్ లేఅవుట్, సెట్ ఎక్స్‌టిక్స్ అని విడివిడి పదాలుగా రాసిన ఫంక్షన్ పేర్లలో ఖాళీ ఉన్నచోట కోడ్‌లో అండర్‌స్కోర్ ఉంటుందని గుర్తుంచుకోండి. లొకేటర్, ఫార్మాటర్ పేర్లను మాత్రం ఖాళీ లేకుండా కలిపే రాయాలి.

మొదట తేదీల పట్టీ సంగతి. సీఎస్‌వీ ఫైలును పాండాస్ చదివినప్పుడు, మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే తేదీల కాలమ్‌ను తేదీలుగా గుర్తించదు, మామూలు స్ట్రింగులుగానే ఉంచుతుంది. స్ట్రింగులు ఇచ్చినప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాటిని వర్గాల పేర్లుగా తీసుకుంటుంది. వర్గాల అక్షానికి ఉన్న నియమం ఒక్కటే: ఎన్ని వేర్వేరు పేర్లుంటే అన్ని టిక్కులు (అక్షం మీది గుర్తులు), అవి మొదట ఏ వరుసలో ఎదురైతే అదే వరుస. రెండేళ్ల రోజువారీ డేటా అంటే ఏడు వందలకు పైగా పేర్లు. అన్నీ రాయమని మీరే అడిగినట్టయింది, అది రాసింది. వాటిని నలభై అయిదు డిగ్రీలు తిప్పినా తొంభై డిగ్రీలు తిప్పినా పట్టీ ఆకారం మారుతుందే గానీ చదవడానికి వీలుపడదు. మధ్యలో కొన్ని రోజుల డేటా లేకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. వర్గాల మధ్య దూరం ఎప్పుడూ సమానమే కాబట్టి, పది రోజుల ఖాళీ ఒక్క రోజు ఖాళీలా కనిపిస్తుంది. అంటే చార్టు అందవిహీనంగా ఉండటమే కాదు, తప్పు కూడా చెబుతోందన్న మాట.

కాబట్టి గీయడానికి ముందు డేటాఫ్రేమ్ (పాండాస్ పట్టిక) కాలమ్‌ల డీటైప్, అంటే డేటా రకం, ఒకసారి ప్రింట్ చేసి చూడండి. తేదీల కాలమ్ ఆబ్జెక్ట్ అనో స్ట్రింగ్ అనో కనిపిస్తే టు డేట్‌టైమ్ ఫంక్షన్‌తో మార్చండి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫైలులో 03-04-2023 అని ఉంటే పాండాస్ దాన్ని ముందు నెల, తర్వాత రోజు అనే లెక్కలో మార్చి 4గా చదువుతుంది. మీ ఫైలులో రోజు ముందుంటే డేఫస్ట్ అనే ఆర్గ్యుమెంట్‌కు ట్రూ ఇవ్వాలి. దానికంటే మేలైన పద్ధతి ఫార్మాట్ ఆర్గ్యుమెంట్‌లో తేదీ రూపాన్ని కచ్చితంగా రాసివ్వడం, ఎందుకంటే అప్పుడు ఏ వరుస ఆ రూపంలో లేకపోయినా ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. నిశ్శబ్దంగా తప్పు నెలలోకి వెళ్లిపోయే తేదీకంటే ఎర్రర్ ఎంతో నయం.

ఇదే జబ్బు నిలువు అక్షానికీ వస్తుంది. ఉష్ణోగ్రతల కాలమ్‌లో ఎక్కడో ఒకచోట గీత గుర్తో, 'లేదు' అన్న మాటో ఉంటే కాలమ్ మొత్తం స్ట్రింగులుగా మారిపోతుంది. అప్పుడు వై అక్షం మీద 31, 29, 35, 30 అని వరుస తప్పిన అంకెలు కనిపిస్తాయి. అలా కనిపించిన వెంటనే టు న్యూమరిక్ ఫంక్షన్‌ను ఎర్రర్స్ ఆర్గ్యుమెంట్‌కు కోఅర్స్ ఇచ్చి నడపండి, చదవలేని విలువలు ఖాళీలుగా మారతాయి. మారిన ఖాళీలు ఎన్నో లెక్కపెట్టి చూడకుండా మాత్రం ముందుకు వెళ్లకండి.

రకం సరిపోయాక అక్షం దాదాపు తనంతట తానే సర్దుకుంటుంది. తేదీల అక్షానికి, టిక్కులు ఎక్కడ పడాలో నిర్ణయించే ఆటో డేట్ లొకేటర్ ఉంటుంది. అది ఎంత కాలం చూపించాలో చూసి, సంవత్సరాలో నెలలో రోజులో నిర్ణయించి, సరిపడా టిక్కులే పెడుతుంది. రాసే పద్ధతి నచ్చకపోతే 2019లో వచ్చిన 3.1 వర్షన్ నుంచి ఉన్న కన్సైజ్ డేట్ ఫార్మాటర్ వాడండి. అది ప్రతి టిక్కు దగ్గరా సంవత్సరాన్ని తిరిగి తిరిగి రాయదు, మారినచోట మాత్రమే రాస్తుంది. రెండు నెలలకొక టిక్కు కావాలంటే మంత్ లొకేటర్‌కు ఇంటర్వల్ 2 ఇస్తే చాలు. అప్పటికీ లేబుళ్లు వాలుగా ఉంటేనే బాగుంటుందనుకుంటే ఫిగర్‌కు (మొత్తం బొమ్మకు) ఆటోఎఫ్ఎంటీ ఎక్స్‌డేట్ అనే మెథడ్ ఉంది. అది లేబుళ్లను 30 డిగ్రీలు తిప్పి, కుడి కొన టిక్కుకు తగిలేలా అమరుస్తుంది. మీరు రొటేషన్ ఒక్కటే మార్చినప్పుడు లేబుల్ మధ్యభాగం టిక్కు కిందకు వచ్చి, ఏ లేబుల్ ఏ టిక్కుదో తెలియకుండా పోయింది. తిప్పినప్పుడు అడ్డం అమరికను కూడా కుడికి మార్చాలి.

ఇక 1970. మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది ఇదే, ఎందుకంటే ఇక్కడ డేటా రకం సరిగానే ఉంది, అయినా తప్పు వచ్చింది. బార్ చార్టును మీరు డేటాఫ్రేమ్‌కు ఉండే ప్లాట్ డాట్ బార్ మెథడ్‌తో గీశారు. పాండాస్ బార్ చార్టులో ఎక్స్ అక్షం మీద ఏముందన్నది పట్టించుకోదు. మొదటి బార్‌ను 0 దగ్గర, రెండోదాన్ని 1 దగ్గర, అలా 24 బార్లను 23 వరకు నిలబెట్టి, కింద మీ తేదీలను కేవలం పేర్లుగా అతికిస్తుంది. అందుకే మొదట మీకు అర్ధరాత్రి సున్నాలతో సహా పొడవాటి తేదీలు కనిపించి ఉంటాయి. వాటిని చిన్నవి చేద్దామని మీరు డేట్ ఫార్మాటర్, మంత్ లొకేటర్ తగిలించారు. ఆ రెండూ అక్షం మీద ఉన్న అంకెలను తేదీలుగా చదువుతాయి. 2020లో వచ్చిన 3.3 వర్షన్ నుంచి మ్యాట్‌ప్లాట్‌లిబ్ దృష్టిలో 0 అంటే 1970 జనవరి 1, 1 అంటే జనవరి 2. అంటే మీ రెండేళ్ల బార్లు దాని లెక్కలో 1970 జనవరి మొదటి 24 రోజులు. ఆ పరిధిలో నెల ప్రారంభం ఒక్కటే ఉంది కాబట్టి ఒక్క టిక్కు పడి, దాని కింద 1970 జనవరి అని వచ్చింది. ఫార్మాటర్ తప్పేమీ చేయలేదు, తనకు చేరిన అంకెలను నిజాయతీగానే చదివింది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, పాండాస్ మెథడ్‌ను వదిలేసి యాక్సీస్ ఆబ్జెక్టుకు (ఫిగర్ లోపలి ఒక్కో చార్టుకు) ఉండే బార్ మెథడ్‌కు నేరుగా తేదీలను, విలువలను ఇవ్వడం. అప్పుడు లొకేటర్, ఫార్మాటర్ రెండూ మామూలుగా పనిచేస్తాయి. అయితే మొదటిసారి గీయగానే బార్లు సూదుల్లా సన్నగా వస్తాయి, కంగారు పడకండి. బార్ వెడల్పు డిఫాల్ట్‌గా 0.8. తేదీల అక్షం మీద ఒక యూనిట్ అంటే ఒక రోజు కాబట్టి, నెలకొకటి చొప్పున ఉన్న బార్ ఒక రోజులో అయిదింట నాలుగు వంతుల వెడల్పుతో గీయబడుతుంది. విడ్త్‌కు 22 నుంచి 25 మధ్య ఏదైనా ఇస్తే బార్లు బార్లలా కనిపిస్తాయి. నెల మొదటి తేదీ బార్ మధ్యలో కాకుండా ఎడమ అంచున ఉండాలనుకుంటే అలైన్‌కు ఎడ్జ్ అని ఇవ్వండి. రెండో దారి, బార్లను వర్గాలుగానే ఒప్పుకుని, తేదీలను ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్‌తో 'జనవరి 23' లాంటి చిన్న పేర్లుగా ముందే మార్చి, మూడింటికొకటి మాత్రమే చూపించడం. నెలల వరుసలో ఖాళీలు లేనప్పుడు ఇది నిక్షేపంలాంటి పద్ధతి. ఖాళీలున్నప్పుడు మాత్రం మొదటిదే పట్టుకోండి.

రెండో దారిలో వెళ్లేవారు తరచూ జారిపడే చోటు ఒకటుంది. సెట్ ఎక్స్‌టిక్‌లేబుల్స్ ఒక్కటే వాడి పేర్ల జాబితా ఇస్తే, ఆ పేర్లు అప్పటికి ఉన్న టిక్కులకు మొదటి నుంచి వరుసగా అతుక్కుంటాయి. ఆ టిక్కులు ఎక్కడున్నాయో మీరు చెప్పలేదు కాబట్టి అవి మీ బార్ల దగ్గరే ఉన్నాయన్న హామీ లేదు. చార్టు అంచుకు అవతల, కనిపించకుండా ఉన్న టిక్కు కూడా ఆ వరుసలో లెక్కలోకి వస్తుంది. దాంతో పేర్లన్నీ ఒక స్థానం పక్కకు జరిగి, జనవరి విలువ కింద ఫిబ్రవరి అని పడుతుంది. ఫిక్స్‌డ్ ఫార్మాటర్‌ను ఫిక్స్‌డ్ లొకేటర్‌తో కలిపే వాడాలని వచ్చే హెచ్చరిక దీని గురించే. దాన్ని నోరు మూయించే ఫిల్టర్ పెట్టుకున్న కోడ్ చూసినప్పుడల్లా ఆ చార్టులోని పేర్లను నేను నమ్మను. 2021 నాటి 3.5 వర్షన్ నుంచి సెట్ ఎక్స్‌టిక్స్‌కే స్థానాలు, పేర్లు రెండూ కలిపి ఇవ్వవచ్చు. అదొక్కటే వాడండి.

మీరు అడగలేదు గానీ, అక్షం మీద అంకెల విషయం ఇక్కడే చెప్పేస్తాను. విలువలు పది లక్షలు, అంతకు పైన ఉంటే అక్షం కొసన 1ఈ6 అని వస్తుంది. విలువలన్నీ ఒక పెద్ద సంఖ్యకు దగ్గర దగ్గరగా ఉంటే ఆ సంఖ్యను పైన ప్లస్ గుర్తుతో రాసి, టిక్కుల దగ్గర తేడాలు మాత్రమే చూపిస్తుంది. ఈ రెండో రూపాన్ని గమనించక చార్టును తప్పుగా చదివేవారు చాలామంది. టిక్‌లేబుల్ ఫార్మాట్ మెథడ్‌లో స్టైల్‌కు ప్లెయిన్, యూజ్ఆఫ్‌సెట్‌కు ఫాల్స్ ఇస్తే రెండూ పోతాయి. వేరే ఫార్మాటర్ తగిలించి ఉన్న అక్షం మీద ఈ మెథడ్ ఎర్రర్ ఇస్తుంది. మీ సొంత పద్ధతిలో కామాలు, యూనిట్లు కావాలంటే ఫంక్‌ఫార్మాటర్‌కు ఒక చిన్న ఫంక్షన్ రాసిచ్చుకోండి.

ఇప్పుడు కొలతలు. చార్టు కొలత ఇక్కడ పిక్సెళ్లలో కాదు, అంగుళాల్లో. డిఫాల్ట్ ఫిగర్ 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తు. అంగుళానికి 100 చుక్కలు కాబట్టి 640, 480 పిక్సెళ్ల బొమ్మ వస్తుంది. అక్షరాల కొలత మాత్రం పాయింట్లలో, అంగుళానికి 72 పాయింట్లు. మామూలు లేబుల్ అక్షరం 10 పాయింట్లు. దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) పెంచితే గీతలు, అక్షరాలు, ఖాళీలు అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. అంటే బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అమరిక మాత్రం రవ్వంత కూడా మారదు. ఫిగ్‌సైజ్ (ఫిగర్ కొలత) పెంచితే కాగితం పెద్దదవుతుంది, అక్షరం అదే 10 పాయింట్ల దగ్గర ఉండిపోతుంది.

మీరు ఫిగ్‌సైజ్‌ను 16, 9 అంగుళాలకు పెంచాక నోట్‌బుక్‌లో లేబుళ్లు విడివిడిగా కనిపించినా, రిపోర్టులో పెట్టాక చదవలేనంత చిన్నవయ్యాయన్నారు. లెక్క చూడండి. రిపోర్టు పేజీలో చార్టుకు ఉన్న చోటు దాదాపు 6.4 అంగుళాలు అనుకుంటే, 16 అంగుళాల బొమ్మను అందులోకి కుదించినప్పుడు ప్రతిదీ 0.4 వంతుకు తగ్గుతుంది, 10 పాయింట్ల అక్షరం 4 పాయింట్లవుతుంది. అది కంటికి ఆనదు. అప్పుడు అక్షరాల సైజును 25కు పెంచాలనిపిస్తుంది. పెంచితే టిక్కుల పొడవు, గీతల మందం, లెజెండ్ ఖాళీలు పాత కొలతల్లోనే ఉండి చార్టు వికారంగా తయారవుతుంది. అందుకే ఫిగ్‌సైజ్‌ను చార్టు చివరికి అచ్చయ్యే కొలతకే ఇవ్వండి. స్పష్టత కావాలంటే సేవ్ చేసేటప్పుడు డీపీఐ 300 ఇవ్వండి. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే అక్షరాల సైజుతో పెట్టుకునే గొడవల్లో సగం మొదలే కావు.

అంచులు తెగడం కూడా దీనికి చుట్టమే. నోట్‌బుక్‌లో బాగుండి ఫైలులో తెగడం మీ కంటి భ్రమ కాదు. జూపిటర్ నోట్‌బుక్ చార్టును చూపించేటప్పుడు బీబాక్స్ ఇంచెస్ అనే ఆర్గ్యుమెంట్‌కు టైట్ విలువను తనకు తానుగా ఇచ్చుకుంటుంది. అంటే గీసినవన్నీ ఎక్కడివరకు విస్తరించాయో కొలిచి, అంతవరకు కాగితాన్ని పెంచో తగ్గించో చూపిస్తుంది. బొమ్మను ఫైలుగా సేవ్ చేసే సేవ్‌ఫిగ్‌ను మీరు పిలిచినప్పుడు ఆ సౌకర్యం లేదు. ఫిగర్ 6.4 అంగుళాలంటే కచ్చితంగా అంతే, అవతల పడినదంతా కత్తిరించుకుపోతుంది. సేవ్‌ఫిగ్‌లోనూ టైట్ ఇస్తే తెగడం ఆగుతుంది, కానీ ఫైలు కొలత మీరిచ్చిన ఫిగ్‌సైజ్ కాకుండా వేరే ఏదో అవుతుంది. పక్కపక్కన పెట్టాల్సిన రెండు చార్టుల్లో ఒకదాని లేబుళ్లు పొడవుగా ఉంటే రెండూ వేర్వేరు వెడల్పుల్లో వచ్చి, పేజీలో సమానం చేసినప్పుడు అక్షరాలు రెండు సైజుల్లో కనిపిస్తాయి.

నా సలహా, ఫిగర్‌ను తయారుచేసేటప్పుడే సబ్‌ప్లాట్స్ ఫంక్షన్‌లో లేఅవుట్‌కు కన్‌స్ట్రెయిన్డ్ అని ఇవ్వడం. అది కాగితం కొలతను మార్చదు, లోపలి చార్టునే కుదించి లేబుళ్లకు, శీర్షికకు, కలర్ బార్‌కు చోటు చేస్తుంది. గీసిన ప్రతిసారీ మళ్లీ లెక్క వేసుకుంటుంది కూడా. పాత కోడ్‌లో కనిపించే టైట్ లేఅవుట్ మెథడ్ పిలిచిన క్షణానికి ఉన్న వస్తువులనే సర్దుతుంది. దాన్ని పిలిచాక మీరు లేబుల్ మార్చితే ఆ మార్పు దానికి తెలియదు, అందువల్ల అది అన్నిటికంటే చివర ఉండాలి. ఈ రెండింటినీ, సబ్‌ప్లాట్స్ అడ్జస్ట్‌ను ఒకే చార్టులో కలపకండి. మీ కోడ్‌లో మూడూ ఉన్నాయి, చివరికి ఏది గెలుస్తోందో మీకూ తెలియదు, కోడ్ చదివేవారికీ తెలియదు.

ఫైలు పూర్తిగా ఖాళీగా వస్తోందని మీ ప్రశ్న కింద ఇంకొకరు రాశారు. దాని కథ వేరు. షో పిలిచాక పైప్లాట్ (మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చాలామంది పీఎల్‌టీ పేరుతో వాడే భాగం) ఆ ఫిగర్‌ను వదిలేస్తుంది. ఆ తర్వాత పైప్లాట్ సేవ్‌ఫిగ్ పిలిస్తే కొత్తగా ఒక ఖాళీ ఫిగర్ పుట్టించి దాన్ని సేవ్ చేస్తుంది. నోట్‌బుక్‌లో సెల్ మారినా ఇదే జరుగుతుంది. సేవ్‌ఫిగ్‌ను పైప్లాట్ ద్వారా కాకుండా మీ చేతిలో ఉన్న ఫిగర్ వేరియబుల్ మీద పిలిస్తే సమస్యే రాదు. సబ్‌ప్లాట్లు రెండు ఉన్నప్పుడు శీర్షిక ఎప్పుడూ రెండోదానికే పడటం కూడా ఈ కోవలోదే. పైప్లాట్ పేరుతో ఇచ్చే ఆదేశాలు ఆ క్షణంలో చలామణిలో ఉన్న యాక్సీస్‌కు వెళ్తాయి, అది సాధారణంగా చివరగా తయారైనది. సబ్‌ప్లాట్స్ తిరిగి ఇచ్చిన ఫిగర్‌ను, యాక్సీస్‌లను పేర్లు పెట్టి పట్టుకుని, ప్రతి ఆదేశాన్నీ వాటి పేరు మీదే ఇవ్వండి.

లెజెండ్ గురించి అడిగినప్పుడల్లా దొరికే జవాబు బీబాక్స్ టు యాంకర్‌కు 1.05, 1 ఇవ్వమని. అది ఇచ్చినా మీ లెజెండ్ సగం లోపల, సగం బయట పడిందన్నారు. ఎందుకంటే ఆ రెండు అంకెలు చెప్పేది చార్టు మీద ఒక బిందువును మాత్రమే, అక్కడ ఎడమ అడుగు మూల 0, 0 అనీ కుడి పై మూల 1, 1 అనీ లెక్క. లెజెండ్ డబ్బాలోని ఏ మూల ఆ బిందువుకు తగలాలన్నది లోక్ అనే ఆర్గ్యుమెంట్ చెబుతుంది. బయట కుడివైపు పెట్టాలంటే డబ్బా ఎడమ పై మూల అక్కడికి రావాలి, కనుక లోక్‌కు అప్పర్ లెఫ్ట్ ఇవ్వాలి. మీరు అప్పర్ సెంటర్ ఇచ్చారు, అందుకే డబ్బా మధ్యభాగం అంచు మీదకు వచ్చింది. లేఅవుట్ కన్‌స్ట్రెయిన్డ్ అయితే యాక్సీస్ లెజెండ్‌కు బయట కావలసిన చోటును అదే చూసుకుంటుంది. అయితే గీతలు మూడు నాలుగే ఉంటే లెజెండ్‌నే తీసేసి, ఒక్కో గీత చివరన టెక్స్ట్ మెథడ్‌తో దాని పేరు అదే రంగులో రాయడం నాకు ఎక్కువ ఇష్టం. చదివేవారి కన్ను గీతకూ డబ్బాకూ మధ్య తిరగాల్సిన పని తప్పుతుంది.

రెండు నిలువు అక్షాలున్నప్పుడు లెజెండ్‌లో సగం గీతలే వస్తాయని కూడా గమనించి ఉంటారు. ట్విన్ఎక్స్‌తో వచ్చేది వేరే యాక్సీస్, దానికి దాని లెజెండ్. రెండింటి హ్యాండిల్స్‌ను, లేబుళ్లను గెట్ లెజెండ్ హ్యాండిల్స్ లేబుల్స్‌తో తీసుకుని, కలిపి ఒకే లెజెండ్‌కు ఇవ్వండి.

బార్ల మీద విలువలు రాయడానికి మీరు లూప్ రాసి టెక్స్ట్ పెట్టుకున్నారు. 2021లో వచ్చిన 3.4 నుంచి బార్ లేబుల్ అనే మెథడ్ ఆ పని చేస్తుంది. పై అంచున ఉన్న విలువ చార్టు చట్రానికి తగులుతున్నదంటే, అక్షం పరిధి లెక్కలో అక్షరాలు చేరవు కాబట్టి, మార్జిన్స్ మెథడ్‌లో వైకి 0.15 ఇచ్చి కొంచెం ఖాళీ వదలండి.

చివరిగా తెలుగు శీర్షిక. దీనికి తొందరపడి ఫాంట్ మార్చేస్తే సగం పనే అవుతుంది. డిఫాల్ట్ ఫాంట్ డెజావు శాన్స్‌లో తెలుగు అక్షరాలు లేవు. మీకు వస్తున్న హెచ్చరికలో గ్లిఫ్ (అక్షరం బొమ్మ) 3108 లేదని ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 3072 నుంచి 3199 వరకు ఉన్న సంఖ్యల్లో అది త అక్షరం. నోటో శాన్స్ తెలుగు లాంటి ఫాంటు ఫైలును దించుకుని, ఫాంట్ మేనేజర్‌లోని యాడ్‌ఫాంట్‌కు ఆ ఫైలు ఎక్కడుందో (పాత్) ఇవ్వండి. తర్వాత ఫాంట్ ఫ్యామిలీ సెట్టింగ్‌కు ఆ పేరు, దాని వెనక డెజావు శాన్స్ కలిపి జాబితాగా ఇవ్వండి. 2022లో వచ్చిన 3.6 నుంచి మొదటి ఫాంటులో లేని అక్షరాన్ని రెండోదాంట్లో వెతకడం పనిచేస్తుంది. ఫాంటును కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసినా దొరకడం లేదనేవారికి కారణం పాత ఫాంటుల జాబితా క్యాష్‌లో ఉండిపోవడం. యాడ్‌ఫాంట్ వాడితే ఆ తిప్పలు ఉండవు.

ఇంతవరకు చేశాక డబ్బాలు పోతాయి, కానీ మీ శీర్షికలోని ఉష్ణోగ్రత అన్న మాటను దగ్గరగా చూడండి. ష కింద ణ ఒత్తుగా చేరకుండా, ష తర్వాత పొల్లు, ఆ పక్కన నిండు ణ కనిపిస్తాయి. గ్ర దగ్గర కూడా అంతే. తెలుగులో అక్షరాల కలయికను బట్టి ఆకారం మారాలి. ఆ పనికి ప్రత్యేకమైన షేపింగ్ ఇంజిన్ ఉండాలి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలు బ్యాకెండ్ (బొమ్మను నిజంగా గీసే భాగం) చాలాకాలంగా ఆ ఇంజిన్ లేకుండానే, ఒక్కో సంకేతాన్ని విడిగా తీసుకుని పక్కపక్కన పేర్చుతూ వచ్చింది. ఏ ఫాంటు పెట్టినా ఈ లోపం పోదు, ఎందుకంటే లోపం ఫాంటులో లేదు.

దీనికి నేను వాడే దారి చార్టును ఎస్‌వీజీగా, అంటే బ్రౌజర్‌లో తెరుచుకునే బొమ్మ ఫైలుగా, సేవ్ చేయడం. ముందుగా ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అనే సెట్టింగ్‌కు నన్ అనే స్ట్రింగును ఇవ్వాలి. డిఫాల్ట్‌లో అక్షరాలు గీతలుగా మారి, విరిగిన ఒత్తులు అలాగే ముద్రపడతాయి. నన్ ఇస్తే అక్షరాలు అక్షరాలుగానే ఫైలులోకి వెళ్తాయి, వాటిని కలిపే పని బ్రౌజర్ సరిగ్గా చేస్తుంది. ఆ ఫైలును తెరిచే కంప్యూటర్‌లో తెలుగు ఫాంటు ఉండాలన్నది ఒక్కటే షరతు. వెడల్పును లెక్క వేసేటప్పుడు లైబ్రరీ విడి అక్షరాల కొలతే తీసుకుంటుంది కాబట్టి, మధ్యకు అమర్చిన శీర్షిక అసలు పొడవు ఆ లెక్కకంటే కొంచెం తక్కువ కావచ్చు, అది పెద్ద ఇబ్బంది కాదు. పీఎన్‌జీయే కావాలంటే, ఆ ఎస్‌వీజీని బ్రౌజర్‌లో తెరిచి బొమ్మగా మార్చుకోవచ్చు, లేదా ర్యాక్మ్ లైబ్రరీ సాయంతో అక్షరాలను కలిపే ఎంపీఎల్‌కైరో బ్యాకెండ్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. లేటెక్‌లో రిపోర్టు రాసేవారికి పీజీఎఫ్ బ్యాకెండ్, జీలేటెక్ కలయిక సరిపోతుంది, అక్కడ అక్షరాలను అమర్చేది లేటెక్కే.

మీ కోడ్‌లో చేయాల్సిన మార్పుల వరుస ఇది. ముందు తేదీల కాలమ్‌ను మార్చి డీటైప్ సరిచూసుకోండి, తర్వాత పాత రొటేషన్, ఫాంట్‌సైజ్, టైట్ లేఅవుట్, సబ్‌ప్లాట్స్ అడ్జస్ట్ వరుసలన్నీ తీసేయండి, ఫిగర్‌ను 6.4, 4 అంగుళాలతో, కన్‌స్ట్రెయిన్డ్ లేఅవుట్‌తో మొదలుపెట్టి బార్లను యాక్సీస్ మీద నేరుగా గీయండి. వీటిలో కొన్ని 3.4, 3.5, 3.6 వర్షన్లలో వచ్చినవి కాబట్టి, ఏదైనా ఆర్గ్యుమెంట్‌ను గుర్తించడం లేదని ఎర్రర్ వస్తే మీ దగ్గరున్న వర్షన్ నంబరు, ఆ కాలమ్ డీటైప్, ఎర్రర్ చివరి వరుస ఇక్కడ రాయండి, చూస్తాను.